సముద్రం లేని ఊరు గెలిచిన సముద్రతీరపు కప్పు

పిల్లలూ, మీ ఇంట్లో అట్లాసు ఉంటే ఐరోపా పటం తీసి ముందు పెట్టుకోండి. రష్యా దేశపు రాజధాని మాస్కో ఎక్కడున్నదో వెతకండి. దొరికిందా? ఇప్పుడు ఆ చుక్క మీద వేలు పెట్టి, అక్కడికి అన్నిటికన్న దగ్గరగా ఉన్న సముద్రం ఏదో చూడండి. వేలు ఎటు జరిపినా చాలా దూరం పోతేగాని నీలిరంగు తగలదు. వాయవ్యంగా పోతే బాల్టిక్ సముద్రపు పాయ ఒకటి కనపడుతుంది. అదైనా ఆరువందల కిలోమీటర్లకు పైమాటే. చలికాలం వచ్చిందంటే ఊరంతా మంచు కప్పుకుని ఉంటుంది.

ఇక వేలును కిందికి జరిపి ఇటలీ దేశానికి రండి. ఇటలీ బూటు ఆకారంలో ఉంటుందని మీరు భూగోళం పాఠంలో చదివే ఉంటారు. ఆ బూటుకు తూర్పు పక్కన ఏడ్రియాటిక్ సముద్రం ఉన్నది. దాని ఒడ్డున శాన్ బెనెదెత్తో దెల్ త్రొంతో అనే రేవు పట్టణం ఉన్నది. 2013లో ఆ పట్టణపు ఇసుక మీద ఒక పోటీ జరిగింది. ఐరోపాలోని అనేక దేశాల నుంచి క్లబ్బులు వచ్చినవి. ఆట ఫుట్‌బాలే, కాని పచ్చిక మీద కాదు, ఇసుక మీద. కాళ్లకు బూట్లు కూడా లేవు. ఐరోపా ఖండంలోని క్లబ్బులన్నిటికీ కలిపి ఇటువంటి పోటీ పెట్టడం అదే మొదటిసారి.

ఆ మొదటి కప్పు ఎవరికి దక్కిందో ఊహించగలరా? ఇటలీ వాళ్లకు కాదు. పోర్చుగల్ వాళ్లకూ కాదు, స్పెయిన్ వాళ్లకూ కాదు. కప్పు గెలిచి ఇంటికి పట్టుకుపోయింది మాస్కో నగరపు లోకోమోటివ్ క్లబ్బు! లోకోమోటివ్ అంటే రైలింజను. ఒకప్పుడు రైల్వే పనివాళ్ల క్లబ్బుగా మొదలైంది గనుక దానికా పేరు వచ్చింది.

సముద్రమే లేని ఊరివాళ్లు సముద్రపు ఒడ్డున ఆడే ఆటలో అందరినీ ఓడించడమేమిటి? ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఆట సంగతి, తరువాత ఇసుక సంగతి తెలుసుకోవాలి.

ఆట ఎట్లా పుట్టింది?

ఇసుకలో బంతి తన్నుకోవడం కొత్త సంగతేమీ కాదు. బ్రెజిల్ దేశంలో రియో డి జనీరో అనే మహానగరం ఉన్నది. అక్కడి కోపాకబానా సముద్రతీరం లోకప్రసిద్ధమైనది. సాయంత్రమయ్యేసరికి పిల్లలూ పెద్దలూ అక్కడికి చేరి, ఇసుకలో గోలు స్తంభాలు పాతుకుని ఆడుకుంటూ ఉండేవారు. ఎంతమంది ఆడాలి, ఎంతసేపు ఆడాలి అన్నదానికి లెక్క లేదు. చీకటి పడితే ఆట ఆగిపోయేది.

1992లో కొందరు పూనుకుని ఈ ఆటకు నియమాలు వ్రాశారు. మరుసటి ఏడు అమెరికాలోని మయామీలో బ్రెజిల్, ఆర్జెంటీనా, ఇటలీ, అమెరికా జట్లు ఆ నియమాల ప్రకారం పోటీపడినవి. 1995లో కోపాకబానా తీరానే మొదటి ప్రపంచ పోటీ జరిగింది. పచ్చిక మైదానాలలో పేరు మోసిన జీకో, జూనియర్ వంటి బ్రెజిల్ ఆటగాళ్లు ఉత్త కాళ్లతో ఇసుకలో దిగారు. బ్రెజిల్ గెలిచింది. ఆటకు 'బీచ్ సాకర్' అనే పేరు స్థిరపడింది. మనం దాన్ని ఇసుక ఫుట్‌బాల్ అనుకుందాం.

2005లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘమైన ఫిఫా ఈ ఆటను కూడా తన కిందికి తీసుకుని, తన పేరిట మొదటి ప్రపంచకప్పు నడిపింది. అదీ కోపాకబానా తీరానే. ఈసారి చిత్రం జరిగింది. సొంత ఇసుక మీద బ్రెజిల్ వాళ్లు సెమీ ఫైనల్లో పోర్చుగల్ చేతిలో ఓడిపోయారు. ఫైనల్లో పోర్చుగల్‌ను ఫ్రాన్సు ఓడించింది. ఇంటి ఇసుక అన్ని వేళలా ఇంటివాళ్లను కాపాడదని అప్పుడే తేలిపోయింది.

నియమాలు ఇవీ

ఒక్కొక్క జట్టులో గోలుకీపరుతో కలిపి ఐదుగురే ఆడతారు. మామూలు ఫుట్‌బాల్‌లో పదకొండుమంది అన్నది మీకు తెలుసు. ఆడేచోటు 35 నుంచి 37 మీటర్ల పొడుగు, 26 నుంచి 28 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఇసుక 40 సెంటీమీటర్ల లోతుకు తక్కువ ఉండకూడదు. అంటే దాదాపు మూరెడు లోతు అన్నమాట. రాళ్లూ, గవ్వలూ, చిప్పలూ లేకుండా ఏరి చదును చేస్తారు. ఎండకు ఇసుక కాలకుండా నీళ్లు చల్లుతారు.

అంచుల చుట్టూ పట్టీలు కట్టి హద్దు చూపిస్తారు. కాని లోపల గీతలుండవు. ఇసుకలో గీత గీస్తే నిమిషంలో చెరిగిపోతుంది గదా! అందుచేత పక్కల జెండాలు నాటుతారు. మధ్యగీత ఉండవలసిన చోట రెండు వైపులా ఎర్ర జెండాలు, పెనాల్టీ హద్దుకు పసుపుపచ్చ జెండాలు. ఒక జెండా నుంచి మరొక జెండాకు గీత ఉన్నట్టు ఆటగాళ్లు మనసులోనే ఊహించుకోవాలి.

ఆట మూడు భాగాలు. ఒక్కొక్కటి 12 నిమిషాలు, మధ్య 3 నిమిషాల విరామం. 'ఇంత కొంచెమేనా?' అంటారేమో. ఇసుకలో పది నిమిషాలు పరుగెత్తి చూస్తే ఆ మాట అనరు. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఒకడు అలసి బయటికి వస్తాడు, మరొకడు లోపలికి పోతాడు. కొంచెం ఊపిరి పీల్చుకుని మొదటివాడే మళ్లీ దిగవచ్చు.

ఇంకొక నియమం చెప్పాలి. ఈ ఆటలో ఎవరూ గెలవకుండా సరిసమానంగా ముగియడమన్నది లేదు. మూడు భాగాలు అయినా గోళ్లు సమానమైతే మరి 3 నిమిషాలు ఆడతారు. అప్పటికీ తేలకపోతే పెనాల్టీ తన్నులు. లీగు ఆటల్లో మామూలు వేళలో గెలిచిన జట్టుకు 3 మార్కులు, అదనపు వేళలో గెలిస్తే 2, పెనాల్టీలతో గెలిస్తే 1 ఇస్తారు. ఓడినవాళ్లకు సున్న. లెక్కలు ఇష్టమైన పిల్లలకు ఇది మంచి లెక్క: నాలుగు జట్లున్న గుంపులో ప్రతి జట్టూ మూడు ఆటలు ఆడితే ఒక జట్టుకు అన్నిటికన్న ఎక్కువ ఎన్ని మార్కులు రావచ్చు? మూడు ఆటలూ గెలిచి కూడా అన్నిటికన్న తక్కువ ఎన్ని రావచ్చు? ఆలోచించండి.

ఇసుక చేసే అల్లరి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇసుకలో నడక ఎందుకు కష్టం?

మీరు గట్టి నేల మీద నిలబడి పాదంతో నేలను వెనక్కి నెట్టినప్పుడు నేల కదలదు. కాబట్టి ఆ నెట్టుడు మిమ్మల్నే ముందుకు తోస్తుంది. పొడి ఇసుకలో అట్లా కాదు. ఇసుక అంటే లక్షల కొద్దీ చిన్న చిన్న రేణువులు. వాటిని ఒకదానితో ఒకటి అంటించేది ఏదీ లేదు. మీ పాదం నెట్టగానే అవి అటూ ఇటూ జారి పక్కకు తప్పుకుంటాయి. మీరు పెట్టిన బలంలో కొంత మిమ్మల్ని ముందుకు తోయకుండా, ఆ రేణువులను దొర్లించడానికే ఖర్చయిపోతుంది. పాదం దిగబడుతుంది. దాన్ని పైకి లాగడానికి మళ్లీ బలం కావాలి.

బెల్జియం దేశపు శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూసి 1998లో ప్రకటించారు. గట్టి నేల మీద నడిచేటప్పుడు ఖర్చయ్యే శక్తికి రెండింతల కన్న ఎక్కువ శక్తి అదే వేగంతో ఇసుకలో నడవడానికి కావాలని తేలింది. పరుగెత్తడానికి 1.6 రెట్లు కావాలి. మీకు ఇసుకలో ఆయాసం వచ్చేది మీ సోమరితనం వల్ల కాదన్నమాట!

మీరే ఒక పరీక్ష చేసి చూడండి. ఒక బకెట్టులో పొడి ఇసుక జానెడు లోతున పోయండి. ఒక రబ్బరు బంతి, ఒక స్కేలు తీసుకోండి. మొదట బంతిని మీ నడుము ఎత్తు నుంచి గచ్చు మీదికి వదిలి, ఎంత ఎత్తు లేచిందో చూసి వ్రాసుకోండి. తరువాత అదే ఎత్తు నుంచి పొడి ఇసుక మీదికి వదలండి. బంతి దాదాపు పడ్డచోటనే కూలబడుతుంది. ఇప్పుడు ఇసుకను నీళ్లతో తడిపి, చేత్తో గట్టిగా అదిమి, మూడవసారి వదలండి. పొడి ఇసుక మీద కన్న కొంచెం మెరుగ్గా లేస్తుంది.

ఎందుకని? తడి ఇసుకలో రేణువుల మధ్య సన్నని నీటిపొరలు ఉంటాయి. నీటికి తలతన్యత అనే గుణం ఉన్నది. దానివల్ల ఆ పొరలు రేణువులను దగ్గరకు లాగి పట్టుకుంటాయి. ఇసుకతో గుడి కట్టేటప్పుడు మీరు తడి ఇసుకనే వాడటానికి కారణం ఇదే. అలలు వచ్చి పోయే చోట నడక సులువు కావడానికీ ఇదే కారణం. ఆట మాత్రం పాదం దిగబడే లోతైన ఇసుకలోనే జరుగుతుంది.

ఇసుకను ఓడించే ఉపాయం

ఇసుకలో బంతి సాఫీగా దొర్లదు. గుంటలో పడితే ఆగిపోతుంది. గుట్ట తగిలితే దారి మార్చుకుంటుంది. పచ్చిక మీద ఎంత గొప్ప ఆటగాడైనా, పాదం పక్కగా బంతిని తన్ని ఇరవై గజాల దూరంలో ఉన్న స్నేహితుడికి నేల మీదుగా అందిద్దామనుకుంటే ఇక్కడ కుదరదు.

అందుచేత ఇసుక ఆటగాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. నేల నమ్మదగ్గది కానప్పుడు నేలతో పని ఎందుకు? బంతిని కాలివేళ్లతో లేపి గాలిలోకి ఎగరవేస్తారు. ఒకడు గుండెతో ఆపుతాడు, మరొకడు మోకాలితో లేపుతాడు, మూడవవాడు తలతో కొడతాడు. ఐదారు సార్లు చేతులు మారినా, కాదు కాదు, కాళ్లు మారినా బంతి నేలను తాకదు! గాలిలో వెల్లకిలా పడుతూ తల మీదుగా వెనక్కి బంతిని తన్నడం ఒకటి ఉన్నది. దాన్ని సైకిల్ తన్ను అంటారు. గట్టి నేల మీద అట్లా పడితే వీపు బద్దలవుతుంది. ఇసుక మెత్తన గనుక ఇక్కడ ఆటగాళ్లు భయం లేకుండా చేస్తారు. చూశారా, కాళ్లను పట్టి లాగే ఇసుకే పడ్డవాడిని పట్టుకుని కాపాడుతుంది కూడా!

గోలుకీపరు పని మరీ కష్టం. ఆడేచోటు చిన్నది గనుక ఏ మూలనుంచి అయినా గోలుకు కొట్టవచ్చు. పైగా ఫ్రీకిక్కు తన్నేటప్పుడు మామూలు ఫుట్‌బాల్‌లో లాగ ఆటగాళ్లు అడ్డంగా గోడ కట్టడానికి ఈ ఆటలో వీలులేదు. బంతి గోలుకీపరు ముందు ఇసుకను తాకిందంటే అది ఎటు లేస్తుందో చెప్పడం బ్రహ్మతరం కాదు. అందుకే ఈ ఆటలో గోళ్లు ఎక్కువ. ప్రపంచకప్పులో ఒక్కొక్క ఆటకు సగటున ఎనిమిది, తొమ్మిది గోళ్లు పడటం మామూలు.

క్లబ్బుల కప్పు

ప్రపంచకప్పులో దేశాలు పోటీపడతాయి. కాని ఆటగాళ్లు సంవత్సరమంతా దేశం తరఫున ఆడరు గదా. ఊళ్లలో క్లబ్బులుంటాయి. ఐరోపాలో అనేక దేశాలకు ఇసుక ఫుట్‌బాల్ లీగులు ఉన్నాయి. ఒక దేశంలోని క్లబ్బులు వేసవిలో ఒకదానితో ఒకటి ఆడి, ఎవరు మేటో తేల్చుకుంటాయి. అట్లా దేశ దేశాలలో మేటి అనిపించుకున్న క్లబ్బులను ఒకేచోటికి పిలిచి ఆడించేదే 'యూరో విన్నర్స్ కప్'. దీన్ని 2013లో ప్రారంభించినది బీచ్ సాకర్ వరల్డ్‌వైడ్ అనే సంస్థ. ఆ సంస్థ స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో ఉన్నది.

మామూలు ఫుట్‌బాల్‌లో ఇటువంటి పోటీ నెలల తరబడి, ఊరూరా తిరుగుతూ జరుగుతుంది. ఇసుక ఆటలో అట్లా కాదు. అందరూ ఒకే సముద్రపు ఒడ్డుకు వస్తారు. మొదట గుంపులలో ఆడతారు. తరువాత ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు పైమెట్టుకు. ఇంచుమించు రోజుకొక ఆట. నిన్నటి ఆటలో పిక్కలు పట్టేసినా సరే, ఇవాళ మళ్లీ ఇసుకలో దిగవలసిందే. వారం పది రోజులలో అంతా తేలిపోతుంది. ఏడాది పొడుగునా చేసిన సాధన ఒక్క మధ్యాహ్నం జారిపోవచ్చు.

మొదటి పోటీ తరువాత మూడేళ్లు, అంటే 2014, 2015, 2016లలో, ఈ కప్పు ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంలో, కటానియా నగరంలో జరిగింది. ఆ ఊరికి దగ్గరనే ఎట్నా అనే అగ్నిపర్వతం ఉన్నది. మూడువేల మూడువందల మీటర్లకు పైగా ఎత్తు. ఇప్పటికీ అప్పుడప్పుడు పొగా నిప్పులూ కక్కుతూ ఉంటుంది.

2017 నుంచి పోటీ పోర్చుగల్ దేశంలోని నజరే అనే ఊరికి మారింది. ఇది అట్లాంటిక్ మహాసముద్రం ఒడ్డున ఉన్న పాత జాలరుల పల్లె. ఒకప్పుడు అక్కడ పడవలను ఎద్దులతో ఇసుక మీదికి లాగించేవారు. ఆ ఊరి ఎదుట సముద్రం అడుగున ఒక పెద్ద లోయ ఉన్నది. దాని మూలంగా చలికాలంలో అక్కడ కొండలంత అలలు లేస్తాయి. 2020 అక్టోబరులో ఒక జర్మను సాహసి అక్కడ 26 మీటర్లకు పైగా ఎత్తున్న అల మీద పలకతో జారివచ్చాడు. మన లెక్కలో ఎనిమిది అంతస్తుల మేడ ఎత్తు! చలికాలంలో అంత గర్జించే ఊరిలోనే వేసవిలో ఇసుక ఫుట్‌బాల్ ఆడతారు. అక్కడి ఆటస్థలానికి జోర్దన్ సాంతోస్ అనే ఆటగాడి పేరు పెట్టారు. 2019లో ప్రపంచంలో ఉత్తమ ఇసుక ఆటగాడిగా ఎన్నికైనవాడు ఆయనే.

ఇక కప్పు ఎవరెవరికి వచ్చిందో చూడండి. 2013లో మాస్కో లోకోమోటివ్. 2014లోను, 2015లోను రష్యాకే చెందిన క్రిస్టల్ క్లబ్బు. క్రిస్టల్ అంటే స్ఫటికం. ఇది సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరపు క్లబ్బు. 2016లో ఇటలీలోని వియారెజ్జో పట్టణపు క్లబ్బు. 2017, 2018, 2019లలో వరుసగా మూడుసార్లు పోర్చుగల్‌లోని బ్రాగా క్లబ్బు. మళ్లీ 2020, 2021లలో క్రిస్టల్. 2021 దాకా మొత్తం తొమ్మిది పోటీలు. అందులో రష్యా క్లబ్బులకు ఐదు, బ్రాగాకు మూడు, వియారెజ్జోకు ఒకటి.

2016 నుంచి స్త్రీల క్లబ్బులకు కూడా ఇటువంటి కప్పు వేరుగా పెట్టారు. కాబట్టి అన్నయ్యలు ఆడుతుంటే చెల్లెళ్లు గట్టున కూర్చుని చూడవలసిన ఆట కాదిది.

చిక్కుముడి విడింది

సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు సముద్రం ఉన్నది నిజమే. కాని అది ఎంత ఉత్తరాన ఉన్నదో పటంలో చూడండి: ఇంచుమించు 60వ అక్షాంశం మీద! చలికాలంలో నీవా నది గడ్డకడుతుంది. అటువంటి చోట ఉత్త కాళ్లతో ఒడ్డున ఆడే రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయి? మరి తొమ్మిది కప్పులలో ఐదు రష్యాకు ఎట్లా వచ్చినవి?

'ఏముంది, బ్రెజిల్ ఆటగాళ్లను డబ్బిచ్చి తెచ్చుకుని ఉంటారు' అని మీలో గడుసువాళ్లు అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. క్లబ్బులకు పరదేశపు ఆటగాళ్లను పిలుచుకునే వీలున్నది. రష్యా క్లబ్బులూ పిలుచుకున్నవి, పోర్చుగల్, ఇటలీ క్లబ్బులూ పిలుచుకున్నవి. కాని అందరూ చేసే పని ఒక్కరి గెలుపుకు కారణం కాలేదు గదా?

ఇంకొక సాక్ష్యం కూడా ఉన్నది. దేశాల మధ్య జరిగే ప్రపంచకప్పులో పరదేశపు ఆటగాళ్లను అరువు తెచ్చుకోవడం కుదరదు. 2011లో ఇటలీలోని రవెన్నాలో ఆ పోటీ జరిగింది. ఫైనల్లో రష్యా ఎదుట నిలిచినది ఎవరనుకున్నారు? అంతకు ముందు నాలుగుసార్లు వరుసగా కప్పు గెలిచిన బ్రెజిల్! రష్యా 12 గోళ్లు కొట్టింది, బ్రెజిల్ 8. కప్పు రష్యాకు పోయింది. రెండేళ్ల తరువాత తాహితీ ద్వీపంలో జరిగిన పోటీలోను రష్యా వాళ్లే గెలిచారు. అప్పుడు ఫైనల్లో స్పెయిన్‌ను 5-1తో ఓడించారు. ఈ రెండుసార్లూ జట్టుకు శిక్షకుడు మిఖాయిల్ లిఖచోవ్.

వాళ్లు చేసినదేమిటంటే, సముద్రం తమ దగ్గరికి రాదు గనుక ఇసుకనే ఇంటికి తెచ్చుకున్నారు. పెద్ద పెద్ద హాళ్లలో లోతుగా ఇసుక పరిచారు. బయట మంచు కురుస్తుంటే లోపల ఉత్త కాళ్లతో సాధన చేశారు. ఆటను వేసవి సెలవుల కాలక్షేపంగా చూడలేదు. ఏడాది పొడుగునా నేర్చుకోవలసిన విద్యగా చూశారు. బంతిని లేపడం, గాలిలో అందించడం, ఇసుకలో కాలు నిలదొక్కుకోవడం ఇవన్నీ ఎవరికీ పుట్టుకతో రావు. వెయ్యిసార్లు చేస్తేనే వస్తాయి. వెయ్యిసార్లు చేయడానికి అలలు అక్కరలేదు. మూరెడు లోతు ఇసుక చాలు.

ఇందులో రష్యా ఒక్కటే కాదు. స్విట్జర్లాండుకు నాలుగు వైపులా పరాయి దేశాలే. సముద్రం అసలు లేదు. ఆ దేశం 2009లో ప్రపంచకప్పు ఫైనల్‌కు చేరింది. బెలారుస్ దేశానికీ సముద్రం లేదు. 2025లో సెషెల్స్ ద్వీపాలలో జరిగిన ప్రపంచకప్పు ఫైనల్లో బ్రెజిల్‌తో తలపడి, ఒక్క గోలు తేడాతో, 4-3తో ఓడింది.

అట్లాగని సముద్రం దగ్గరుంటే లాభం లేదని అనుకోకండి. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న చిన్న తాహితీ ద్వీపపు జట్టు 2015లోను, 2017లోను ప్రపంచకప్పు ఫైనల్ ఆడింది. వియారెజ్జో చక్కని సముద్రతీరం ఉన్న పట్టణం. ఇక బ్రెజిల్ 2025 నాటికి ఫిఫా ప్రపంచకప్పును ఏడుసార్లు గెలుచుకున్నది. చిన్నప్పటి నుంచి ఇసుకలో దొర్లినవాడికి ముందుగానే ఒక అడుగు వేసిన లాభం తప్పక ఉంటుంది. కాని ఆ అడుగు దూరాన్ని వెనక ఉన్నవాడు పట్టుదలతో దాటగలడు. ఈ కప్పు చరిత్ర చెప్పేది ఇంతే.

ఆడకుండా పోయిన కప్పు

ఈ కథలో సంతోషం లేని భాగం కూడా ఒకటి ఉన్నది. అది దాచిపెట్టి చెబితే మీకు సగమే చెప్పినట్టు.

2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు పొరుగున ఉన్న ఉక్రెయిన్ దేశం మీద దండెత్తినవి. ఊళ్లు కూలినవి, ఎంతోమంది ప్రాణాలు పోయినవి. ఉక్రెయిన్‌లో కూడా ఇసుక ఫుట్‌బాల్ ఆడే క్లబ్బులున్నాయి. రష్యా క్లబ్బులతో ఒకే ఒడ్డున ఆడినవి అవి. ఆ దండయాత్ర మూలంగా రష్యా జట్లను అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలనుంచి నిషేధించారు. 2021లో కప్పు గెలిచిన క్రిస్టల్ క్లబ్బుకు 2022లో దాన్ని నిలబెట్టుకోవడానికి వచ్చే వీలే లేకపోయింది.

ఇది న్యాయమా అన్యాయమా అని పెద్దలు వాదించుకుంటారు. 'ఆటగాళ్లు యుద్ధం చేయలేదు గదా' అని కొందరు, 'ఇళ్లు కాలుతున్నవాళ్ల పక్కన నిలబడి ఎట్లా ఆడమంటారు?' అని కొందరు. మీరు మీ అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోండి. ఒక్కటి మాత్రం నిజం: మంచునూ దూరాన్నీ జయించిన క్లబ్బు, ఇసుక మీద ఎవరి చేతిలోనూ ఓడకుండానే కప్పు వదులుకోవలసి వచ్చింది. యుద్ధం ఒక చోట మొదలైతే దాని బూడిద ఆటస్థలం దాకా వచ్చి పడుతుంది.

మన దేశంలో

మన దేశంలో ఇసుక ఫుట్‌బాల్ జాతీయ పోటీ మొదటిసారి 2023లో జరిగింది. గుజరాత్‌లోని సూరత్ నగరం దగ్గర, డుమస్ సముద్రతీరాన ఆడారు. ఫైనల్లో కేరళ పంజాబును 13-4తో ఓడించి కప్పు గెలుచుకున్నది. పొడుగాటి తీరం ఉన్న కేరళ గెలవడం ఆశ్చర్యం కాదు; చాలా పైచేయిగా గెలిచిందనీ ఒప్పుకోవాలి. కాని పటం తీసి పంజాబు ఎక్కడున్నదో చూడండి. సముద్రమే లేని ఆ రాష్ట్రం మొదటి పోటీలోనే ఫైనల్ దాకా వచ్చింది! మాస్కో వాళ్ల కథ గుర్తుకు రావడం లేదూ?

ఆంధ్రప్రదేశ్ పిల్లలకు పొడుగైన సముద్రతీరం ఉన్నది. తెలంగాణకు స్విట్జర్లాండులాగే సముద్రం లేదు. కాని ఇసుక కోసం సముద్రం దాకా పోనక్కరలేదని ఇప్పుడు మీకు తెలిసింది. ఇసుకలో ఆడాలని బుద్ధి పుడితే పెద్దలను వెంటబెట్టుకుని, నీళ్లకు బాగా దూరంగా, గాజుపెంకులూ మేకులూ లేకుండా ఏరిన చోట ఆడండి. బంతిలో గాలి కొంచెం తక్కువ ఉంచండి. ఈ ఆట నియమాలలోనే అట్లా ఉన్నది. ఉత్త కాలికి దెబ్బ తగలదు.

తల్లిదండ్రులకు ఒక మాట. బడిలో చాలా ఏళ్లు పనిచేసినవాడిని గనుక చెబుతున్నాను. 'మాకు ఆ వసతి లేదు, అందుకని మా పిల్లవాడికి రాలేదు' అన్న మాట ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట చాలాసార్లు నిజమే. వసతి లేని కష్టాన్ని తేలిక చేయకూడదు. మాస్కోలో హాలు కట్టి ఇసుక పోసినవారు పిల్లలు కారు, పెద్దలే. పెద్దలు తమ వంతు ఇసుక తెచ్చి పోస్తే, వెయ్యిసార్లు బంతి లేపే పని పిల్లలు చూసుకుంటారు.

పైన ఇచ్చిన లెక్కకు జవాబు కావాలా? మూడు ఆటలూ మామూలు వేళలోనే గెలిస్తే 9 మార్కులు. మూడూ పెనాల్టీలతో గెలిస్తే 3. రెండు జట్లూ ఒక్క ఆట అయినా ఓడలేదు. అయినా మార్కులలో ఎంత తేడా వచ్చిందో చూశారా!